నంది హిల్స్‌లో ఒక పూట పిట్టల ఫోటోలు

బెంగళూరులో ఉండే మనవాళ్లు పిట్టల ఫోటోల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, 60 కిలోమీటర్లలో నంది హిల్స్ ఉంది. చలికాలంలో, అదీ మామూలు రోజున, పొద్దున్నే వెళ్లండి. శని ఆదివారాల్లో ఆ జనంలో పిట్ట కూత కూడా వినపడదు. పైకెక్కాక సూర్యోదయం గుంపుని వదిలేసి చెట్లు దట్టంగా ఉన్న నర్సరీ వైపు నడవండి. పండ్లున్న చెట్టు కింద కదలకుండా నిలబడితే నీలగిరి అడవి పావురం కనిపించొచ్చు, మెడ వెనక నలుపు తెలుపు గళ్లు చూసి పోల్చుకోండి, పశ్చిమ కనుమలకి బయట ఈ పావురం ఉండే అతి కొద్ది చోట్లలో నంది హిల్స్ ఒకటి. నీడ ఎక్కువ కాబట్టి కెమెరాలో ఐఎస్ఓ (వెలుతురుని పట్టుకునే సెట్టింగ్) 1600 కంటే తక్కువ పెట్టకండి, షటర్ వేగం 1/500 సెకను దగ్గర పెట్టండి. ఫోన్‌లో కూతలు వినిపించి పిలవడం మాత్రం అసలొద్దు, పాపం ఆ పిట్ట ఇంకోటి ఉందనుకుని తిండి మానేసి వెతుక్కుంటుంది. కోతులుంటాయి, తినేవి బ్యాగులోనే ఉంచండి.