‘ఐ5 పీసీ, చవక’ అంటే ముందు ఇవి చూడండి

విశాఖలో ద్వారకానగర్‌లోనో డాబాగార్డెన్స్‌లోనో "ఐ5, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, అంతా కలిపి చవక" అన్నారనుకోండి, ఆ ఐ5 (ఇంటెల్ ప్రాసెసర్) ఏ జనరేషన్‌ది అని అడగండి. రంగురంగుల లైట్ల కేసులో 2012 నాటి ఐ5-3470 పెట్టి కొత్త పీసీ అని అమ్మేస్తుంటారు. 8వ జనరేషన్ కంటే పాతవాటిలో దాదాపు ఏదీ విండోస్ 11కి అధికారికంగా పనికిరాదు, విండోస్ 10కేమో మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తోనే అయిపోయింది.

అసలు మోసమంతా ఎస్‌ఎంపీఎస్‌లో, అంటే పీసీకి కరెంటిచ్చే పవర్ సప్లై డబ్బాలో ఉంటుంది. పక్క డోర్ తీయించి దాని స్టిక్కర్ చదవండి: పెద్దక్షరాల్లో 450 వాట్స్ అని ఉన్నా, 12 వోల్టుల గడిలో 18 ఆంప్సే ఉంటే, 12ని 18తో గుణించండి, ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ కలిపి వచ్చేది 216 వాట్సే. ఆ గడే లేకపోతే ఇంక బేరం కూడా ఆడొద్దు.

ఇంట్లో ఉన్నది మరీ పాతది కాకపోతే, హార్డ్‌డిస్క్ బదులు సాటా ఎస్‌ఎస్‌డీ వేయించి, ఒక ర్యామ్ ఉంటే అలాంటిదే రెండోది జత చేయండి, చాలామందికి అది చాలు. బీచ్ వైపు ఇళ్లలో ఉప్పుగాలికి స్క్రూలు కూడా తుప్పు పడతాయి కాబట్టి, సిస్టమ్‌ని కిటికీ పక్కన మాత్రం పెట్టకండి.