రాతిలో నీటి నడక – 4వ పాఠం: వేడికి మారింది నీళ్లా, రాయా?

గత పాఠం చివర్లో ఒక లెక్క ఇచ్చాను. ఇసుక గొట్టంలోంచి 20 డిగ్రీల నీళ్లు నిమిషానికి 100 మిల్లీలీటర్లు దిగుతుంటే, నీటిమట్టం మార్చకుండా 40 డిగ్రీల నీళ్లు పోస్తే ఎంత దిగుతాయి? చాలామంది 153 అని సరిగ్గానే రాశారు. కారణం మాత్రం 'వేడికి పారగమ్యత (ఇసుక, రాయి నీటిని తమలోంచి పోనిచ్చే గుణం) ఒకటిన్నర రెట్లు పెరిగింది' అన్నారు. అది తప్పు. అందుకే పగుళ్ల పాఠం వచ్చేసారికి వాయిదా వేశాను.

అరిసెలకి బెల్లం కరిగించి పలచటి గుడ్డలో వడగడతాం కదా. పొయ్యి మీంచి దించగానే పోస్తే సర్రున దిగుతుంది. ఫోన్ మాట్లాడి వచ్చేసరికి అదే బెల్లం గుడ్డ మీదే కూర్చుంటుంది, గరిటెతో నొక్కాలి. గుడ్డ అదే, కన్నాలూ అవే.

పారగమ్యత గుడ్డది, అంటే రాతిది. స్నిగ్ధత, అంటే పారడానికి అడ్డుపడే చిక్కదనం, ద్రవానిది. నీటి స్నిగ్ధత 20 డిగ్రీల దగ్గర 1.00 మిల్లీపాస్కల్ సెకండ్, 40 దగ్గర 0.65, 80 దగ్గర 0.35. సాంద్రత కూడా కొంచెం తగ్గుతుంది, కానీ 40 డిగ్రీల దాకా ఒక శాతం కూడా ఉండదు, నేనైతే వదిలేస్తాను. 1856లో హెన్రీ డార్సీ ప్రచురించిన సూత్రంలో రాతి గుణం, నీటి గుణం ఒకే గుణకంలో కలిసిపోయి ఉన్నాయి. దాన్ని జలవాహకత అంటాం. వేడికి పెరిగింది అదీ!

జవాబు సరిపోయింది కదా, కారణంతో పనేంటని ఒకరు అడిగారు. పనుంది. పారగమ్యతను 1.53 రెట్లు పెంచేసి, తర్వాత వేడినీటి స్నిగ్ధత కూడా వేస్తే, ఒకే వేడిని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. జవాబు 234కి పోతుంది. ఏసీ గదిలో పరీక్షించిన రాతి ముక్క విలువను లోతులోని వేడి పొరకి వాడేటప్పుడు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు. పారగమ్యతను వెంట తీసుకెళ్లండి, జలవాహకతను అక్కడి వేడికి మళ్లీ లెక్కించండి.

రాయి అసలు మారదా అంటే, మారుతుంది. హైదరాబాద్‌లోని మౌలాలి గుట్ట గ్రానైట్‌ని చూడండి. అందులో క్వార్ట్జ్ అనే ఖనిజం పక్కనున్న ఫెల్డ్‌స్పార్ ఖనిజం కంటే ఎక్కువ ఉబ్బుతుంది కాబట్టి, బాగా వేడెక్కితే రేణువుల మధ్య సన్నటి పగుళ్లు పుడతాయి. లోతులో నలువైపులా బిగిసి ఉన్న రాయి ఉబ్బితే ఉన్న పగులే మూసుకుపోవచ్చు. మన ఇసుక గొట్టానికి 20 డిగ్రీల తేడాలో ఇవేవీ వర్తించవు.

అభ్యాసం: అడుగు కోసి తిరగేసిన సీసా మూతికి గుడ్డ కట్టి, కడిగిన ఇసుకతో సగం దాకా నింపండి. నీళ్లు ముందే కాచి, మూతపెట్టి చల్లార్చినవే కావాలి. పంపు నీళ్లు అప్పటికప్పుడు వేడిచేసి పోస్తే బుడగలు విడిపడి ఇసుక సందుల్లో ఇరుక్కుంటాయి, ప్రవాహం తగ్గి కనిపిస్తుంది. ముందు ఆ చల్లార్చిన నీళ్లు అలాగే పోసి, తర్వాత 45 డిగ్రీలకి వెచ్చబెట్టి పోసి, ఇసుక మీద ఒకే మట్టం ఉంచుతూ 200 మిల్లీలీటర్లకి పట్టే సమయం కొలవండి. థర్మామీటర్ పోసే నీళ్లలో కాదు, కిందికి దిగిన నీళ్లలో పెట్టాలి. ఒక్కోటి ఐదుసార్లు. ఐదు అంకెలూ పంపండి, సగటు ఒక్కటే పంపితే మళ్లీ అడుగుతాను.