జర్మనీ వస్తున్నారా? బెర్లిన్, మ్యూనిక్ ఒక్కటే దేశం కాదు

బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే ఖర్చుల డబ్బు వేసి ఉంచే ఖాతా), ఇన్సూరెన్స్, అడ్రస్ రిజిస్ట్రేషన్ గురించి మీ సీనియర్లు చెప్తారు, నేను మళ్ళీ చెప్పను. ఈమధ్య మా ఊరి తమ్ముడొకడు మాస్టర్స్ అయిపోయి నెలల తరబడి బెర్లిన్, మ్యూనిక్ జాబ్స్‌కే అప్లై చేస్తూ కూర్చున్నాడు, ఎందుకురా అంటే "చిన్న ఊళ్ళలో ఏముంటాయన్నా" అన్నాడు. మనకి హైదరాబాద్ అలవాటు, పనంతా ఒక్క సిటీలోనే ఉంటుందనుకుంటాం. ఇక్కడ అట్లా కాదు, ఎందుకు కాదో తెలియాలంటే హిస్టరీ కొంచెం తెలియాలి.

1871లో ప్రష్యా ప్రధాని బిస్మార్క్ కలిపేదాకా జర్మనీ ఒక్క దేశం కాదు. ప్రష్యా, బవేరియా, సాక్సనీ, ఎవరి రాజధాని వాళ్ళది. ఇప్పటికీ 16 రాష్ట్రాలు, చదువులు రాష్ట్రాల చేతిలోనే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1949లో దేశం రెండు ముక్కలైంది, బెర్లిన్ చుట్టూ తూర్పు జర్మనీయే, అందుకే పెద్ద కంపెనీలు పడమటికి సర్దుకున్నాయి, సీమెన్స్ మ్యూనిక్‌కి, ఇప్పటి ఆడి తూర్పున ఉన్న సాక్సనీ నుంచి ఇంగోల్‌స్టాట్‌కి. 1948లో పడమట కొత్త కరెన్సీ, మార్కు, వచ్చాక ఫ్యాక్టరీలు ఎంత పుంజుకున్నాయంటే మనుషులు చాలక 1961లో టర్కీతో ఒప్పందం చేసుకుని మరీ తెచ్చుకున్నారు. 1990లో రెండూ కలిశాయి గానీ తూర్పున ఫ్యాక్టరీలు చాలా మూతపడ్డాయి, అక్కడ జీతాలు ఇప్పటికీ తక్కువే.

అందుకే పని దేశమంతా చెల్లాచెదురుగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎస్ఏపీ ఉండేది వాల్‌డోర్ఫ్‌లో, మన మండల కేంద్రమంత ఊరు. లేజర్ మెషిన్లు చేసే ట్రుంఫ్ డిట్జింగెన్‌లో. ఇవి కాక మీరు పేరు కూడా వినని కుటుంబ కంపెనీలు ఊరూరా ఉన్నాయి, మిట్టెల్‌ష్టాండ్ అంటారు, ఎగుమతులు చేసే కంపెనీల్లో ఎక్కువ వీళ్ళే.

అక్కడ జాబ్ దొరకాలంటే జర్మన్ రావాలి. నేను వచ్చిన కొత్తలో ఆ చలికాలమంతా ఇదే నరకం, ఇంటర్వ్యూ ఇంగ్లిష్‌లో మొదలయ్యేది, కాసేపటికి ఎదుటివాళ్ళు జర్మన్‌లోకి వెళ్ళిపోయేవాళ్ళు, నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, రూమ్‌కొచ్చి ఇంటికి ఫోన్ చేయడానికి కూడా మనసొచ్చేది కాదు. అందుకే ఇంతగా మొత్తుకుంటున్నా. బీ1 (జర్మన్ భాషలో మధ్య స్థాయి) ఇండియాలోనే చేసి రండి, ఇక్కడికొచ్చాక చదువు, పార్ట్‌టైమ్, వంట, వీటితో టైమ్ ఉండదు. "ఐటీకి జర్మన్ అక్కర్లేదు" అనే సీనియర్ మాట ఆ రోజుల్లో చెల్లిందేమో. 2022లో రష్యా గ్యాస్ ఆగి కరెంటు, గ్యాస్ ధరలు పెరిగాయి, 2023, 2024 రెండేళ్ళూ ఎకానమీ తగ్గింది, కార్ల కంపెనీలు మనుషుల్ని తగ్గిస్తున్నాయి. ఇప్పుడు ఇంగ్లిష్ ఒక్కటే నమ్ముకుని రావడం ఏంటి, చెప్తే వినరేం?

సరే, మరీ భయపడొద్దు. ఇక్కడి యూనివర్సిటీలో డిగ్రీ అయ్యాక జాబ్ వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు, ఇంజినీర్లు రిటైరయ్యే వయసుకి వస్తున్నారు, కంపెనీలకీ మనుషులు కావాలి. చిన్న ఊరైతే అద్దె కూడా చాలాచోట్ల కలిసొస్తుంది. వాల్‌డోర్ఫ్ స్టేషన్ నుంచి హైడెల్‌బర్గ్‌కి లోకల్ ట్రైన్‌లో దగ్గరే, ఉగాదికి మనవాళ్ళని కలవాలంటే ఫ్రాంక్‌ఫర్ట్ కూడా పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయొచ్చు.