72 గంటల గోలీ వేసుకున్నారా? మరకను డేట్ అనుకోకండి

మొన్న దేవరకొండ వైపు నుంచి ఒకామెను 108లో నల్లగొండకు తెచ్చారు. గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలిచిన గర్భం పగిలి కడుపంతా రక్తం. నెలన్నర కింద 72 గంటల గోలీ, అంటే కలిసిన తర్వాత గర్భం రాకుండా మూడు రోజుల్లోపు వేసుకునే గోలీ, వేసుకుంది. వారం తర్వాత రెండు రోజులు మరక కనబడితే డేట్ వచ్చేసిందనుకుని నిశ్చింతగా ఉండిపోయింది. ఏఎన్ఎంగా ఇన్నేళ్లలో నేను ఎక్కువగా చూసిన తప్పు ఇదే: మరకను డేట్ అనుకోవడం.

గోలీలో ఉండేది లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోను, 1.5 మిల్లీగ్రాములు. అది అండం విడుదలను వెనక్కి నెడుతుంది, అందుకే ఆ నెల లెక్క తప్పుతుంది. డేట్ వారం ముందే రావచ్చు, వారం ఆలస్యం కావచ్చు. ఎక్కువో తక్కువో పోవచ్చు. మధ్యలో మరక పడొచ్చు. ఇంతవరకు టెన్షన్ అక్కర్లేదు, చాలామందికి తర్వాతి నెలకు సర్దుకుంటుంది. మెడికల్ షాపతను పేపర్లో చుట్టి ఇస్తాడు, లోపలి చీటీ ఎవరు చదువుతారు?

మరక పడితే గోలీ పనిచేసిందని కాదు, పనిచేయలేదనీ కాదు. దాన్నిబట్టి ఏమీ తేలదు. గర్భం ఉందో లేదో తేల్చేది టెస్టే. డేట్ వారం దాటినా, ఎప్పుడూ అయ్యేదానికన్నా బాగా తక్కువ అయినా, కలిసిన రోజు నుంచి 21 రోజులకు యూరిన్ టెస్ట్ చేసుకోండి. ఆశా అక్కను అడిగితే నిశ్చయ్ కిట్ ఇస్తుంది.

గోలీ వేసుకున్న రెండు గంటల్లోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. టీబీ మందులు, కొన్ని ఫిట్స్ గోలీలు దీని పని తగ్గిస్తాయి, అవి వాడేవాళ్లు డాక్టర్‌కు ముందే చెప్పండి. కలిసి 5 రోజుల్లోపయితే గోలీ కన్నా కాపర్-టీ వేయించుకోవడం ఇంకా నమ్మకం. గోలీ తర్వాత మళ్లీ కలిస్తే పాత గోలీ కాపాడదు, నిరోధ్ వాడండి. టెస్ట్‌లో రెండు గీతలొస్తే గర్భం ఉన్నట్టు, అప్పుడు అబార్షన్ కిట్ కొని మింగొద్దు, ట్యూబులో గర్భానికి అది పనిచేయదు. ముందు స్కానింగ్. పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, కళ్లు తిరగడం, భుజం నొప్పి ఉంటే 108కి ఫోన్ చేయండి. మరక పడింది కదా అని ఆగొద్దు. తెల్లారనీ అని ఆగొద్దు. అత్తకు తెలుస్తుందని అసలే ఆగొద్దు. గోలీ వేసుకున్న తేదీ డాక్టర్‌కు చెప్పండి. పక్కన ఎవరైనా ఉండి చెప్పలేకపోతే వాళ్లను బయటికి పంపమని నర్సును అడగండి, పంపిస్తాం.