గెలుపు ఖాయమయ్యాక ఆట ఆపేయండి

నా కంప్యూటర్లో సివిలైజేషన్ సిక్స్ అనే సామ్రాజ్యాలు కట్టే ఆట సేవ్ ఫైళ్ళు పెద్ద కుప్ప ఉన్నాయి. తెరిచి చూస్తే దాదాపు అన్నీ 150వ టర్నో (ఒక్కో వంతూ ఒక టర్ను) 180వ టర్నో దగ్గర ఆగిపోయినవే. చివరిదాకా ఆడినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. చాలాకాలం దీన్ని నా ఆరంభశూరత్వం కింద జమకట్టి సిగ్గుపడ్డాను. ఒకరోజు తీరిగ్గా ఆ ఫైళ్ళన్నీ వరసగా తెరిచాను. ఆపేసిన ప్రతి ఆటలోనూ అప్పటికే గెలిచేసి ఉన్నాను. మిగిలిందల్లా పన్నెండు నగరాలకు పని పురమాయించడం, ముప్ఫై దళాలను ఒక్కోదాన్నీ జరపడం. అది ఆట కాదు, గుమాస్తాగిరీ. ఈ ఆటల్లో రుచంతా మ్యాప్ చీకటిగా ఉన్నప్పుడే, ఆ కొండ అవతల ఏముందో తెలియనప్పుడే. ఆ చీకటిని వీలైనంతసేపు నిలబెట్టుకోవడం ఎలాగో ఇక్కడ చెబుతాను. గెలవడం నేర్పేవాళ్ళు వేరే చాలామంది ఉన్నారు.

ముందు ఏ ఆట ఎంచుకోవాలో చూద్దాం. సిడ్ మైయర్ మొదటి సివిలైజేషన్ 1991లో వచ్చింది. ఈ తరహా ఆటలకు ఫోర్ ఎక్స్ అనే పేరు మాత్రం 1993లో పడింది. మాస్టర్ ఆఫ్ ఓరియన్ అనే అంతరిక్ష ఆట గురించి రాస్తూ అలన్ ఎమ్రిచ్ అనే విమర్శకుడు ఆ మాట వాడాడు. వెతకడం, విస్తరించడం, వనరులు పిండుకోవడం, ఎదుటివాణ్ణి తుడిచిపెట్టడం, ఇవీ ఇంగ్లీషులో ఎక్స్ శబ్దంతో మొదలయ్యే ఆ నాలుగు పనులు. సివిలైజేషన్లో మీరు టర్న్ ముగించేదాకా ప్రపంచం కదలదు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో మీరు తల గోక్కునేలోపే శత్రువు గుర్రాలు వచ్చేస్తాయి. మొదటిది నిదానస్తులకు, రెండోది చేతులు ఊరుకోనివాళ్ళకు. మూడో రకం యూరోపా యూనివర్సాలిస్ ఫోర్ లాంటివి. 1444 నవంబర్ 11న మొదలై వందలకొద్దీ దేశాలు ఒకేసారి నడుస్తుంటాయి, పాజ్ చేసుకుంటూ ఆడాలి. దాంతో మాత్రం మొదలుపెట్టకండి. నేను పెట్టాను. పాజ్‌లో ఉన్న మ్యాప్‌ని గంటన్నర చూసి, ఒక్క రోజు కూడా ముందుకు జరపకుండా మూసేశాను.

సివిలైజేషన్ సిక్స్ తీసుకున్నారనుకుందాం. సెట్టింగ్స్ దగ్గరే సగం ఆనందం తేలిపోతుంది, కానీ అందరూ అక్కడ తొందరపడతారు. టైనీ మ్యాప్ పెట్టండి, నలుగురు ఆటగాళ్ళు చాలు. మామూలు వేగంలో ఆట 500 టర్నులు, ఆన్‌లైన్ వేగంలో 250. ఉద్యోగం, ఇల్లు ఉన్నవాళ్ళు రెండోది పెట్టుకుంటే నష్టం లేదు. కష్టం విషయానికొస్తే ఎనిమిది మెట్లలో నాలుగోది ప్రిన్స్. అక్కడ మీకూ కంప్యూటర్‌కూ ఎవరికీ అదనపు సాయం ఉండదు. పైమెట్లకు వెళ్తే కంప్యూటర్‌కి తెలివి పెరుగుతుందనుకునేవాణ్ణి. పెరగదు, దానికి దక్కే వాటాయే పెరుగుతుంది. అన్నిటికన్నా పైనున్న డెయిటీలో మీరు నగరాన్ని స్థాపించే ఒక్క సెట్లర్‌తో బయల్దేరితే వాళ్ళు ముగ్గురితో బయల్దేరతారు. ప్రిన్స్‌లో వరసగా రెండుసార్లు సునాయాసంగా గెలిస్తేనే ఒక మెట్టు ఎక్కండి.

మొదటి నగరం కోసం తిరక్కండి. ఇంకా మంచి చోటు దొరుకుతుందని నేనొకసారి ఆరు టర్నులు సెట్లర్‌ని తిప్పి తిప్పి, చివరికి బయల్దేరిన గడి పక్కనే నగరం కట్టాను. చూడాల్సింది నీళ్ళు. నది పక్కనో చెరువు పక్కనో కడితే ఎంతమంది జనం పట్టేదీ చెప్పే ఇళ్ళ లెక్క 5తో మొదలవుతుంది, ఒట్టి సముద్రపు ఒడ్డైతే 3, నీళ్ళే లేకపోతే 2. రెండో టర్నుకల్లా నగరం లేచిపోవాలి. తర్వాత దారులు వెతికే స్కౌట్.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాల్సిన సంగతి ఒకటుంది. కొత్తవాళ్ళ ఆటలు మునిగేది పొరుగు రాజుల వల్ల కాదు, ఏ రాజ్యానికీ చెందని దోపిడీ మూకలైన బార్బేరియన్ల వల్ల. వాళ్ళ స్కౌట్ ఒకడు మీ ఊరి పొలిమేరకొస్తాడు. నగరాన్ని చూశాడంటే వాడి తల మీద ఆశ్చర్యార్థకం గుర్తు పడుతుంది. వాడు వెనక్కి పరుగెత్తి శిబిరం చేరాడా, అక్కణ్ణుంచి దండు బయల్దేరుతుంది. మొన్నటి ఆటలో పదకొండో టర్నున రాళ్ళు విసిరే నా స్లింగర్ గుట్ట మీద ఉన్నాడు, వాడు కిందనున్న గడిలో. కొట్టొచ్చు. కానీ ఆ పక్కనే కనబడ్డ పల్లెలో ఏదో ఈనాం దొరుకుతుందని స్లింగర్‌ని అటు నడిపించాను. ఎనిమిది టర్నుల తర్వాత నలుగురు రౌతులు వచ్చి పొలాలు వేసే నా బిల్డర్‌ని ఎత్తుకుపోయారు, పొలం తగలబెట్టారు. ఈనాంలో దొరికింది కొద్దిపాటి బంగారం. ఆ గుర్తు కనబడితే చేతిలో ఉన్న పని వదిలేసి వాణ్ణి వెంటాడండి. పైగా స్లింగర్‌తో ఎవర్నైనా చంపితే ఆర్చరీ పరిశోధనలో మంచి భాగం ఉచితంగా కలిసొస్తుంది. రైజ్ అండ్ ఫాల్ అనే అదనపు భాగం వచ్చాక ఆ లెక్క 40 శాతం.

పొరుగు రాజు ఎదురైన టర్నులోనే పాతిక బంగారం పెట్టి రాయబారిని పంపండి. మర్నాటికి వాడికి మీ మీద ఏదో ఒక కోపం పుట్టుకొస్తుంది, అప్పుడు పంపినా తీసుకోడు. ఎవరికి ఏది గిట్టదో వాళ్ళ బొమ్మ మీద నొక్కి చదువుకోండి. అన్నట్టు, మొదటి సివిలైజేషన్లో ప్రోగ్రామ్ తప్పు వల్ల గాంధీ అణుబాంబులు వేసేవాడని ఒక కథ తిరుగుతుంటుంది. నేనూ పదిమందికి చెప్పాను. అలాంటి తప్పేదీ లేదని సిడ్ మైయరే 2020లో తేల్చేశాడు. చెప్పినవాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి సరిదిద్దుకోవడం నా వల్ల కాలేదు.

నగరాలు ఎక్కడెక్కడ కట్టాలో ముందే మ్యాప్ మీద పిన్నులు గుచ్చిపెట్టుకోండి. రెండు నగరాల మధ్య కనీసం మూడు గళ్ళు ఖాళీ ఉండాలి. కొండలు మూగిన చోట, సైన్స్ పెంచే క్యాంపస్‌కి ఒక పిన్ను, ఎందుకంటే ఆనుకున్న ఒక్కో పర్వతానికీ ఒక్కో సైన్స్ పాయింటు అదనం. అయితే ఏడెనిమిది నగరాల తర్వాత ఆత్రం తగ్గించుకోండి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టు మ్యాప్ నిండా మీ రంగే ఉంటుంది, లోపల ఒక్క ఊళ్ళోనూ గోడ ఉండదు.

ఓడిపోయినప్పుడు పాత సేవ్ తెరవకండి. ఈ ఒక్క అలవాటు మానుకున్నాకే నాకు ఈ ఆట నిజంగా నచ్చింది. ఒకసారి తూర్పు తీరంలో నా రేవు పట్నాన్ని పక్కవాడు లాక్కున్నాడు. వేలు సేవ్ ఫైలు మీదికి వెళ్ళింది, బలవంతాన వెనక్కి తీసుకున్నాను. సంధి చేసుకుని చుట్టుపక్కల ఊళ్ళను పెంచుకుంటూ కూర్చున్నాను. వాడి రాజధాని దూరం, నా ఊళ్ళు మూడువైపులా దగ్గర. కొన్నాళ్ళకు ఆ పట్నం విధేయత కరిగిపోయి వాడి మీద తిరగబడింది, స్వతంత్ర నగరమైంది. మరి కొన్ని టర్నులకు దానంతటదే నా దగ్గరికి వచ్చేసింది. ఒక్క బాణం వెయ్యలేదు. రీలోడ్ చేసుంటే విధేయత ఇంత పని చేస్తుందని నాకు ఇప్పటికీ తెలిసేది కాదు.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ టూ సంగతి వేరు. మా బావా నేనూ శనివారాలు ఆడతాం. మొదట్లో ప్రతిసారీ చిత్తుగా ఓడేవాణ్ణి. "బావా, నీ సైన్యం కాదు చూడాల్సింది, నీ టౌన్ సెంటర్ చూసుకో, నిద్రపోతోంది" అన్నాడు. అంతే కిటుకు. టౌన్ సెంటర్లో ఒక పనివాడు, అంటే విల్లేజర్ తయారవడానికి 25 సెకన్లు, 50 ఆహారం. రెండు నిమిషాలు టౌన్ సెంటర్ ఊరికే ఉంటే దాదాపు ఐదుగురు పనివాళ్ళు పుట్టకుండా పోయినట్టే. హెచ్ కీ నొక్కి ఎప్పుడూ ఇద్దరు ముగ్గుర్ని వరసలో పెట్టి ఉంచండి. ప్రతి ఐదుగురికీ ఒక ఇల్లు కావాలి, 25 కలప. ఇల్లు మరిచిపోతే వరస ఆగిపోతుంది.

గొర్రెలు అయిపోవస్తుంటే అడవి పంది. దీన్ని చూస్తే భయపడేవాణ్ణి గానీ ఇప్పుడు ఆటలో నాకు ఇష్టమైన అరనిమిషం అదే. ఒక్క విల్లేజర్‌ని పంపి రెండు బాణాలు వేయించండి. పంది తిరగ్గానే వాణ్ణి టౌన్ సెంటర్ వైపు పరుగెత్తించండి. అది వెంటపడుతుంది. టౌన్ సెంటర్ కిందకి రాగానే గొర్రెల దగ్గరున్నవాళ్ళందర్నీ దాని మీదికి మళ్ళించండి. 340 ఆహారం గుమ్మంలోనే. రెండో యుగమైన ఫ్యూడల్ ఏజ్‌కి కావాల్సింది 500 ఆహారం, అందులో ఎంత వాటానో చూడండి. 50 బంగారంతో పనివాళ్ళని గట్టిపరిచే లూమ్ ముందే చేసుకుంటే మీవాడు మరికొన్ని దెబ్బలు ఎక్కువ ఓర్చుకుంటాడు. నేను మూడోసారి దాకా విల్లేజర్‌ని పోగొట్టుకుంటూనే ఉన్నాను.

ఇంక రాత్రి ఆపడం. అలారం పనిచేయదు, ఆపేసి మళ్ళీ కూర్చుంటాం. టర్న్ ముగిసేసరికి ఏదో ఒక కట్టడం ఇంకో రెండు టర్నుల్లో పూర్తవుతూ ఊరిస్తుంటుంది. అందుకని నేను టర్న్ మధ్యలో ఆపుతాను, సగం దళాలు జరిపి. పక్కనున్న నోట్‌బుక్‌లో రేపటికి రెండు ముక్కలు రాసుకుంటాను: "గ్రానరీ అయ్యాక ఆర్చర్. ఉత్తరం కనుమ దాటొద్దు, వాడు కాచుక్కూర్చున్నాడు." మర్నాడు ఆ ముక్క చదవగానే నిన్నటి భయం మళ్ళీ అందుకుంటుంది.

గెలుపు ఖాయమైందని తెలిశాక ఆ నోట్‌బుక్‌లోనే టర్న్ నంబరు, ఎలా గెలిచేవాణ్ణో ఒక వాక్యం రాసి ఆట మూసేస్తాను. బావతో ఆడేటప్పుడు ఇంకా సులువు. ఓడేవాడు ముందే ఒప్పేసుకుంటాడు, ఇద్దరం కలిసి చివర్న వచ్చే టైమ్‌లైన్ చూస్తాం. పోయిన శనివారం నా గీత ఏడో నిమిషం దగ్గర చతికిలబడి ఉంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. బావ నవ్వాపుకుంటూ అన్నాడు, "నీ రెండో పందిని తోలుకుపోయింది నేనే బావా."