బిల్లు డబ్బులు ఆగిపోయాయా? ఎంఎస్ఎంఈ సమాధాన్‌లో దరఖాస్తు చేసే విధానం

గిరాకీ తగ్గిన కాలంలో చిన్న యూనిట్లు ఆర్డర్లు లేకే మూతపడతాయని అనుకుంటాం. సరుకు పంపి, బిల్లు ఇచ్చి, ఆ బిల్లు మీద జీఎస్టీ సొంత జేబులోంచి కట్టేసి, రావాల్సిన డబ్బు కోసం నెలల తరబడి ఎదురుచూసి మూతపడేవీ ఉన్నాయి. బాలానగర్‌లో లేత్ మీద విడిభాగాలు చేసేవారిని అడగండి, జీడిమెట్లలో ప్యాకింగ్ అట్టపెట్టెలు చేసేవారిని అడగండి, విజయవాడ ఆటోనగర్‌లో అడగండి. పని ఉంది గానీ చేతిలో డబ్బు ఆడట్లేదనే మాట వినిపిస్తుంది. మార్కెట్ బిగుసుకుంటే పెద్ద కంపెనీ ముందుగా ఆపేది చిన్న సప్లయర్ బిల్లునే. బ్యాంకు వాయిదా ఆపితే బ్యాంకు ఊరుకోదు, కరెంటు బిల్లు ఆపితే కనెక్షన్ పీకేస్తారు. చిన్న సప్లయర్ మాత్రం "వచ్చే వారం చూద్దాంలెండి" అంటే సరేనని వెనక్కి వచ్చేస్తాడు.

అలా వెనక్కి రావాల్సిన పని లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల బిల్లును కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. పర్చేజ్ ఆర్డర్‌లో "90 రోజుల క్రెడిట్" అని రాసుకున్నా 45 దాటితే చెల్లదు. గడువు దాటిన రోజు నుంచి రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీతో బాకీ పెరుగుతుంది. బ్యాంక్ రేటు 6 శాతం అనుకుంటే వడ్డీ 18 శాతం. 4 లక్షల బిల్లు గడువు దాటి ఏడాది ఆగితే వడ్డీయే సుమారు 78 వేలు. ఈ డబ్బు అడగడానికే 2017లో కేంద్రం సమాధాన్ పోర్టల్ తెచ్చింది.

ముందు మీకు అర్హత ఉందో లేదో చూసుకోండి

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే ఎంఎస్ఎంఈగా ప్రభుత్వం దగ్గర నమోదు, ఉండాలి. అది పూర్తిగా ఉచితం. ఆధార్, పాన్ ఉంటే అధికారిక ఉద్యమ్ పోర్టల్‌లో మీరే చేసుకోవచ్చు. గూగుల్‌లో వెతికితే ప్రభుత్వ సైటులా కనిపిస్తూ వేలు గుంజే ప్రైవేటు సైట్లు పైన వస్తాయి, వాటి జోలికి పోవద్దు.

2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పరిమితుల ప్రకారం యంత్రాలు, పరికరాల మీద పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్లు మించకపోతే సూక్ష్మ సంస్థ. పెట్టుబడి 25 కోట్లు, టర్నోవర్ 100 కోట్ల దాకా చిన్న సంస్థ. మధ్య తరహా సంస్థలకు ఈ రక్షణ లేదు.

రిటైల్, హోల్‌సేల్ వ్యాపారులు ఇక్కడే దెబ్బతింటున్నారు. 2021 జులై నుంచి వారికీ ఉద్యమ్ సర్టిఫికెట్ ఇస్తున్నారు. కానీ అది ప్రాధాన్య రంగ రుణాల వరకే. కొని అమ్మే వ్యాపారమైతే ఆలస్యపు చెల్లింపుల కింద దరఖాస్తు నిలబడదు. తయారీ, సేవలు అయితేనే దారి ఉంది. మీరు తయారీదారై ఉండి, సర్టిఫికెట్‌లో పొరపాటున ట్రేడింగ్ కోడ్ పడి ఉంటే దరఖాస్తుకు ముందే సరిచేయించుకోండి. నిర్మాణ పనుల వంటి వర్క్స్ కాంట్రాక్టులకు ఈ చట్టం వర్తించదని కొన్ని హైకోర్టులు తీర్పులిచ్చాయి. అలాంటి బిల్లులైతే ముందుగా లాయరును అడగడం మంచిది.

రిజిస్ట్రేషన్ తేదీ గురించి కూడా చెప్పాలి. సరుకు పంపే నాటికే రిజిస్ట్రేషన్ ఉండాలని సుప్రీంకోర్టు 2021లో సిల్పీ ఇండస్ట్రీస్ కేసులో చెప్పింది. 2025 జనవరిలో ఎన్‌బీసీసీ కేసులో మరో ధర్మాసనం అందుకు భిన్నంగా ఆలోచించి విషయాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించింది. ఈ గొడవ మీ కేసులోకి రాకూడదంటే బాకీలున్నా లేకున్నా ఇవాళే ఉద్యమ్ తీసుకోండి. నంబరును ప్రతి ఇన్‌వాయిస్ మీద, లెటర్‌హెడ్ మీద అచ్చు వేయించండి.

కాగితాలు: కేసు గెలిచేది ఇక్కడే

పోర్టల్‌లో ఫారం నింపడం అరగంట పని. కాగితాలు సరిగ్గా లేకపోతే ఆ అరగంటకు విలువ ఉండదు. కావాల్సినవి పర్చేజ్ ఆర్డర్ లేదా వర్క్ ఆర్డర్, ఇన్‌వాయిస్‌లు, సరుకు అందినట్టు రుజువు, ఇప్పటిదాకా వచ్చిన డబ్బు లెక్క, మీరు అడుగుతూ రాసిన ఉత్తరాలు లేదా ఈమెయిళ్ళు.

వీటిలో సరుకు అందిన రుజువును చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. చట్టంలోని గడువు ఇన్‌వాయిస్ తేదీ నుంచి కాదు, సరుకును కొనుగోలుదారు స్వీకరించిన రోజు నుంచి లెక్క. అందిన 15 రోజుల్లోగా అవతలివారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే స్వీకరించినట్టు చట్టం భావిస్తుంది. కాబట్టి డెలివరీ చలాన్ మీద గేటు దగ్గర వేసే ఎంట్రీ ముద్ర, తేదీ, సంతకం చాలా ముఖ్యం. సంతకం ఉండి తేదీ లేని చలాన్లు, ముద్ర సగం పడి చదవడానికి వీలు లేనివి ఎన్నో ఫైళ్ళలో కనిపిస్తాయి. ఆటోలో సరుకు వేసి పంపే కుర్రాడికి ఈ ఒక్కటి నేర్పండి: ముద్ర, తేదీ, పేరు, మూడూ పడ్డాయని చూసుకున్నాకే గేటు దాటాలి. చలాన్‌ను అక్కడే ఫోనులో ఫొటో తీయించండి. ఈ-వే బిల్ ఉంటే జతచేయండి.

"నాణ్యత బాగోలేదు" అనే మాట డబ్బు అడిగిన తర్వాతే మొదటిసారి వినిపిస్తే, ఆ 15 రోజుల్లో ఉత్తరం ఏదీ రాలేదన్నదే మీ జవాబు. ఆ జవాబుకు తేదీ ఉన్న చలానే ఆధారం.

నోటిమాట మీద ఆర్డర్లు తీసుకునేవారూ ఎక్కువే. పర్చేజ్ ఆర్డర్ లేకపోతే ఆర్డర్ ఇచ్చిన ఈమెయిల్ గానీ వాట్సాప్ సందేశం గానీ ప్రింటు తీసి పెట్టండి. జీఎస్టీఆర్-1లో (అమ్మకాల జీఎస్టీ రిటర్న్) ఆ ఇన్‌వాయిస్ చూపించిన కాపీ కూడా పనికొస్తుంది. ఇవేవీ లేకపోతే అవతలి అకౌంట్స్ విభాగానికి మర్యాదగా ఒక ఈమెయిల్ పెట్టి, మీ లెడ్జర్ ప్రకారం బాకీ ఇంత, సరిచూసి ధ్రువీకరించండి అని అడగండి. బాకీ కోసం కేసు వేయడానికి ఉన్న మూడేళ్ళ కాలపరిమితి దాటకముందే వారు బాకీని రాతపూర్వకంగా ఒప్పుకుంటే, ఆ రోజు నుంచి లెక్క మళ్ళీ మొదలవుతుంది. పాత బాకీలున్నవారికి ఇది పెద్ద అండ.

వడ్డీ లెక్కకు విడిగా ఒక షీటు తయారు చేయండి. ఒక్కో ఇన్‌వాయిస్‌కు గడువు దాటిన తేదీ, అప్పటి బ్యాంక్ రేటు, మధ్యలో వచ్చిన డబ్బు, మిగిలిన అసలు రాయండి. మీ ఆడిటరు ఒక పూటలో చేసి ఇవ్వగలరు.

దరఖాస్తు నింపేటప్పుడు

సమాధాన్ పోర్టల్‌లో ఉద్యమ్ నంబరు, దానికి లింకైన మొబైల్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది. పాత సిమ్ పోయి ఉంటే ముందు ఉద్యమ్‌లో నంబరు మార్చుకుని రండి. వివాదాల ఆన్‌లైన్ పరిష్కారానికి 2025 జూన్‌లో ఓడీఆర్ పోర్టల్ కూడా వచ్చింది. సమాధాన్ తెరవగానే అక్కడికి వెళ్ళమని సూచన కనిపిస్తే అలాగే వెళ్ళండి, కావాల్సిన కాగితాలు మారవు.

కొనుగోలుదారు వివరాల్లో తప్పులు జరుగుతాయి. మనకు బోర్డు మీద పేరే తెలుసు, చట్టం ముందు చెల్లేది రిజిస్టరైన పేరు. ఇన్‌వాయిస్‌లోని జీఎస్టీ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో వెతికితే అసలు పేరు, చిరునామా వస్తాయి. యథాతథంగా అదే రాయండి. పేరు తప్పితే నోటీసు తిరిగొస్తుంది, నెలలు పోతాయి. పనిచేసే ఈమెయిల్ తప్పకుండా ఇవ్వండి. ప్రభుత్వ శాఖా, ప్రభుత్వ రంగ సంస్థా, ప్రైవేటా అన్నదీ సరిగ్గా ఎంచుకోండి.

తర్వాత ఇన్‌వాయిస్ వారీగా తేదీ, మొత్తం, వచ్చింది, రావాల్సింది నింపి, వర్క్ ఆర్డర్, ఇన్‌వాయిస్‌లను పీడీఎఫ్‌గా ఎక్కించాలి. స్కాన్ మసగ్గా ఉంటే మళ్ళీ తీయండి. సమర్పించాక వచ్చే దరఖాస్తు నంబరు దాచుకోండి. ఎంత దూరం వచ్చిందో పోర్టల్‌లో దాంతోనే చూసుకోవాలి.

కేసు ఏ కౌన్సిల్‌కు వెళ్తుంది?

చిన్నవారికి ఈ చట్టం చేసిన పెద్ద మేలు ఇది. కొనుగోలుదారు ముంబయిలో ఉన్నా ఢిల్లీలో ఉన్నా, కేసు మీరున్న ప్రాంతపు సూక్ష్మ, చిన్న సంస్థల ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే వస్తుంది. చర్లపల్లి యూనిట్ డబ్బు కోసం ముంబయి కోర్టు మెట్లెక్కక్కర్లేదు. పర్చేజ్ ఆర్డర్ అడుగున "వివాదాలన్నీ ఫలానా ఊరి కోర్టు పరిధిలోనే" అని రాసున్నా, ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) షరతు ఉన్నా, ఈ చట్టానిదే పైచేయి అని సుప్రీంకోర్టు 2022లో మహాకాళి ఫుడ్స్ కేసులో స్పష్టం చేసింది.

దరఖాస్తు పడగానే కొనుగోలుదారుకు సమాచారం వెళ్తుంది. ఈ దశలోనే ఫోను చేసి సెటిల్ చేసుకునేవారు ఉంటారు. అలా పిలిస్తే వెళ్ళండి గానీ, డబ్బు ఖాతాలో పడేదాకా దరఖాస్తు వెనక్కి తీసుకోకండి. వాయిదాల్లో ఇస్తామంటే తేదీలతో కాగితం రాయించుకోండి.

సెటిల్ కాకపోతే కౌన్సిల్ దాన్ని కేసుగా తీసుకుంటుంది. రాష్ట్ర పరిశ్రమల డైరెక్టర్ హోదా అధికారి అధ్యక్షతన ముగ్గురి నుంచి ఐదుగురు సభ్యులుంటారు. ముందు రాజీ ప్రయత్నం, అది విఫలమైతే ఆర్బిట్రేషన్. రెండూ విడివిడిగా జరగాలి. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా, ఆచరణలో అంతకన్నా ఎక్కువ పడుతుంది. అవార్డు (ఆర్బిట్రేషన్ తీర్పు) చేతికొస్తే ఆ డబ్బుతో జీతాలిద్దామని మాత్రం లెక్క వేసుకోకండి. విచారణకు ప్రతిసారీ ఒకరు హాజరవ్వండి. గైర్హాజరైతే కేసు పక్కన పడుతుంది. కొన్ని కౌన్సిళ్ళు అఫిడవిట్, కాగితాల సెట్లు కూడా అడుగుతాయి, జిల్లా పరిశ్రమల కేంద్రంలో ముందే కనుక్కోండి.

అవార్డును కోర్టులో సవాలు చేయాలంటే కొనుగోలుదారు ముందుగా ఆ మొత్తంలో 75 శాతం డిపాజిట్ చేయాలి. అందులో కొంత మీకు ఇప్పించమని కోర్టును కోరవచ్చు. సవాలు చేయకుండా, చెల్లించకుండా కూర్చుంటే అవార్డును అమలు చేయించమని సివిల్ కోర్టులో ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయాలి.

కస్టమర్ పోతాడేమోనన్న భయం

ఫారం దగ్గరికి వచ్చి ఆగిపోయేవారు ఎక్కువగా చెప్పే కారణం ఇది. కేసు వేస్తే మళ్ళీ ఆర్డర్ ఇవ్వరన్న భయం అబద్ధమేం కాదు. ఒకే కంపెనీ మీద ఆధారపడి నడిచే యూనిట్‌కు అది బతుకు ప్రశ్న. అందుకే నేరుగా కేసుకు వెళ్ళకుండా ముందు ఒక ఉత్తరం రాయమంటాను. మీ ఉద్యమ్ సర్టిఫికెట్ జతచేసి, మూడు విషయాలు గుర్తు చేయండి. గడువు దాటిన బిల్లుకు చక్రవడ్డీ పడుతుంది, ఆ వడ్డీని వారు ఖర్చుగా చూపించుకోలేరు. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువు దాటి, ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా కూడా చెల్లించని మొత్తాన్ని ఆ ఏడాది పన్ను లెక్కలో ఖర్చుగా తీసుకోవడం కుదరదు, 2024 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన ఆదాయపు పన్ను నిబంధన ఇది. ఇన్‌వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లో చెల్లించకపోతే తీసుకున్న జీఎస్టీ క్రెడిట్‌ను వెనక్కి ఇవ్వాలి. పర్చేజ్ విభాగం మీ ఫోను ఎత్తకపోవచ్చు. ఈ ఉత్తరం మాత్రం వాళ్ళ ఆడిటరు చదువుతాడు. ముఖ్యంగా మార్చి నెలలో.

కొనుగోలుదారు కంపెనీయే దివాలా ప్రక్రియలోకి వెళ్ళిందని తెలిస్తే లెక్క మారుతుంది. మారటోరియం (ఆ కంపెనీ మీద కేసులకు తాత్కాలిక నిలుపుదల) మొదలయ్యాక కౌన్సిల్‌లో కేసు ముందుకు సాగదు. పబ్లిక్ ప్రకటనలో ఇచ్చిన గడువులోగా దివాలా ప్రక్రియ నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు ఆపరేషనల్ క్రెడిటర్‌గా (సరుకు లేదా సేవ ఇచ్చి డబ్బు రావాల్సినవారిగా) ఫారం బీలో క్లెయిమ్ వేయాలి. పైన చెప్పిన కాగితాలే అక్కడా పనికొస్తాయి.