పాత కారు కొన్నారా? ఏ లక్షణం వెనక ఏ కారణం ఉందో ఇలా పట్టుకోండి

చేతులు మారిన కారు ఇంటికొచ్చిన కొన్నాళ్లకే ఏదో ఒకటి మొరాయిస్తుంది. టెన్షన్‌లో ఒక పార్టు మార్పిస్తాం, తగ్గకపోతే ఇంకోటి. డబ్బంతా అక్కడే పోతుంది. షెడ్డుకు వెళ్లేముందు ఒక్కటి గమనించండి: ఆ ఇబ్బంది ఎప్పుడు వస్తోంది? ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, మలుపులోనా, బ్రేకు తొక్కినప్పుడా? సగం జవాబు అందులోనే ఉంటుంది.

సర్వీసు బిల్లులు చూపించకుండా "మొన్ననే ఆయిల్ మార్పించాం" అంటే ఆ మాట లెక్కలో వేసుకోకండి. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ ముందుగా మార్పించి, తేదీ, కిలోమీటర్లు రాసిపెట్టుకోండి. గ్రేడు మాత్రం మాన్యువల్‌లో ఉన్నదే వాడాలి.

సెల్ఫ్ కొడితే స్టార్ట్ కావడం లేదు

టకటకమని వరుసగా చప్పుడొచ్చి, డాష్‌బోర్డు లైట్లు మసకబారితే బ్యాటరీలో చార్జింగ్ లేనట్టు, లేదా టెర్మినళ్లు వదులైనట్టు. బానెట్ ఎత్తి చూడండి. టెర్మినళ్ల చుట్టూ తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే, ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ ఊడదీసి, వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్షుతో తోమండి. ఆరాక పాజిటివ్ ముందు బిగించాలి. చాలాసార్లు ఇంతటితోనే పని అయిపోతుంది.

తగ్గలేదా, వోల్టులు కొలిచే మల్టీమీటర్ బ్యాటరీకి పెట్టండి. రాత్రంతా ఆగి ఉన్న కారులో 12.6 వోల్టులు చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉంది. 12.2కి దిగితే సగమే ఉంది. ఇంజిన్ నడుస్తుండగా మామూలుగా 13.7 నుంచి 14.7 దాకా రావాలి. రాకపోతే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నో, దాన్ని తిప్పే బెల్టునో అనుమానించాలి. అది చూసుకోకుండా కొత్త బ్యాటరీ వేస్తే అదీ దిగిపోతుంది. లైట్లు తగ్గకుండా ఒక్కసారి "టక్" అని ఊరుకుంటే తేడా సెల్ఫ్ మోటారు వైపు ఉంటుంది.

టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది

పాత కారులో దేన్ని వాయిదా వేసినా దీన్ని వేయకూడదు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేడెక్కి, కారు కదలగానే తగ్గుతోందంటే రేడియేటర్ ఫ్యాన్ తిరగడం లేదేమో చూడండి. ఫ్యూజు, రిలే, మోటారు, ఈ వరుసలో పరీక్షిస్తే సరిపోతుంది. హైవే మీద వేగంలో వేడెక్కితే రేడియేటర్ పూడిపోయి ఉండొచ్చు, లేదా కూలెంట్ తక్కువై ఉండొచ్చు. స్టార్ట్ చేసిన కాసేపటికే ముల్లు గబగబా ఎక్కేస్తుంటే, ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ తెరుచుకోకపోవడం ఒక కారణం.

ముల్లు ఎరుపులోకి వెళ్తే పక్కకు ఆపి ఇంజిన్ ఆపేయండి. వేడి మీద రేడియేటర్ మూత అస్సలు తిప్పకండి. లోపల ఒత్తిడి మీద ఉన్న నీరు ముఖం మీదికి చిమ్ముతుంది.

ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గుతోందా? చల్లారాక ఆయిల్ పోసే మూత విప్పి అడుగున చూడండి. మీగడ కట్టినట్టు మందంగా ఉండి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ కూడా పాలరంగుకు తిరిగితే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందన్నమాట. ఇంజిన్ బ్లాకుకూ పైభాగానికీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు, ఇక బండి కదపకండి. చలికాలంలో దగ్గర దూరాలే తిరిగే కారులో మూతకు మాత్రమే పలుచని పొర పడుతుంది. దానికి కంగారు అక్కర్లేదు.

సైలెన్సర్‌లో పొగ

ఉదయం పలుచని తెల్ల పొగ ఆవిరే. వేడెక్కాక కూడా దట్టంగా, తియ్యని వాసనతో వస్తే కూలెంట్ మండుతోంది. నీలం పొగ అంటే ఆయిల్ మండుతోంది: రాత్రంతా ఆగి స్టార్ట్ చేసినప్పుడే కాస్త వస్తే ఎక్కువగా వాల్వ్ సీళ్లు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తే పిస్టన్ రింగులు. నల్ల పొగకు ముందు ఎయిర్ ఫిల్టర్, తర్వాత ఇంజెక్టర్లు చూపించండి.

బ్రేకు, స్టీరింగ్

కీచుమంటే ప్యాడ్లు అరిగాయేమో చూపించండి. ఇనుము రాసుకున్నట్టు గరగరలాడితే ఇక నడపొద్దు. బ్రేకు తొక్కినప్పుడు కారు ఒక పక్కకు లాగితే, ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ పట్టేసి ఉండొచ్చు. పెడల్ మెత్తగా లోపలికి పోతుంటే బ్రేక్ ఆయిల్ లీకో, లైన్లో గాలో ఉన్నట్టు. ఇది కూడా వెంటనే చూపించాల్సిందే. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి, దాదాపు రెండేళ్లకోసారి మార్పించడం మంచిది. పూర్తిగా మలుపు తిప్పినప్పుడు కటకటమంటే ముందు చక్రం దగ్గరి యాక్సిల్ జాయింట్ రబ్బరు బూటు చిరిగిందేమో చూడండి.

కారు కింద మరక

అమ్మేముందు ఇంజిన్‌ను తళతళలాడేలా కడిగి ఇస్తారు, లీకు జాడలు కనిపించవు. రాత్రి ఇంజిన్ కింద ఒక అట్టముక్క పరిచి ఉదయం చూడండి. ఏసీ వాడి ఆపిన కారు కింద ఒట్టి నీళ్లుంటే అది మామూలే. నలుపు, గోధుమ రంగు ఇంజిన్ ఆయిల్. ఎరుపు అయితే ఆటోమేటిక్ గేర్ ఆయిల్, లేదా పవర్ స్టీరింగ్ ఆయిల్. జిగటగా పచ్చగానో గులాబీ రంగులోనో ఉంటే కూలెంట్.

టైర్లు

రెండు అంచులూ అరిగితే గాలి తక్కువగా నడిపారు, నడుమ అరిగితే ఎక్కువ నింపారు. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ చేయించాలి. వయసు కూడా చూడాలి: పక్కన ఉండే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు 2319 అని ఉంటే ఆ టైరు 2019లో 23వ వారం తయారైంది. స్టెప్నీది కూడా చూడండి.

లైటు వెలగకపోవడమూ అనుమానమే

తాళం ఆన్ చేయగానే చెక్ ఇంజిన్ లైటు వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే తప్పు దాచడానికి బల్బు తీసేసి ఉండొచ్చు. కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలను చదివే స్కానర్ పెట్టించండి. నడుస్తుండగా ఎర్రని ఆయిల్ లైటు వెలిగితే మాత్రం అక్కడికక్కడే ఆపేయాలి.

ఏ లక్షణమూ చూపించనిది

ఇంజిన్‌లో వాల్వులు, పిస్టన్లు ఒక లయలో కదిలేలా చూసే టైమింగ్ బెల్టు తెగేదాకా చాలాసార్లు చప్పుడు చేయదు. తెగితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు వాల్వులకు కొట్టుకుని అవి వంగిపోతాయి. మీ ఇంజిన్‌కు చెయిన్ ఉందా, బెల్టు ఉందా మాన్యువల్‌లో చూడండి. బెల్టే అయి, మార్చిన రుజువు లేకపోతే మార్పించేయండి. వాటర్ పంపు కూడా ఆ బెల్టుతోనే తిరిగే ఇంజిన్ అయితే దాన్నీ అప్పుడే వేయించండి, మళ్లీ అంతా విప్పే కూలీ తప్పుతుంది.